శనివారం నాడు తినని బిడ్డ

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం

నర్సక్కకు,

నీ చెల్లె పద్మ దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. నువ్వూ బావా నా బిడ్డ అఖిలా అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతూ మొదలుపెడుతున్నాను. బావ ఆటో మళ్లీ రిపేరుకు వచ్చిందని విన్నాను, బాగయిందా? భీవండిలో ఉన్న నీ కొడుకులిద్దరూ ఫోన్ చేస్తున్నారా, లేక పండగలకే గుర్తొస్తున్నామా? నీ దగ్గు సంగతి మాత్రం ఇట్లా ఒక్క మాట అడిగి వదిలేసేది కాదు. దాని గురించి కింద చాలా రాయాలి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావు. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ అఖిల చేతిలోనే ఉంటుంది. స్పీకర్ పెట్టి అలమారాలో పెడుతుంది, మనం దగ్గినా తుమ్మినా దానికి వినిపిస్తుంది. నేను నీకు చెప్పాల్సింది అది వినకూడదు. మా పక్కింట్లో డ్రైవర్‌గా పనిచేసే మేడిపల్లి లింగన్న బుధవారం సెలవు మీద వస్తున్నాడు. కోరుట్ల బస్టాండులో దిగి నేరుగా మీ ఇంటికి వచ్చి ఇది నీ చేతికే ఇస్తానని ఒట్టు వేశాడు. నువ్వు ఏడో తరగతి దాకా చదివావు కదా, ఎవరితోనూ చదివించుకోకు. కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువు.

నేను బాగానే ఉన్నాను. పని అలవాటయింది. ఎండలు మాత్రం మన రోహిణి కార్తె ఎండను పిల్లది అనిపించేలా ఉన్నాయి. మిద్దె మీద బట్టలు ఆరేసి దిగేలోపే మొదట ఆరేసినవి ఎండిపోతాయి. ఇంట్లో ఏమో ఏసీ చలికి మోకాళ్లు పట్టేస్తాయి. మొన్న దుమ్ము లేచి రెండు రోజులు పట్టపగలే లైట్లు వేసుకున్నాం, ఆ తర్వాత కిటికీలు తుడవలేక నా నడుము విరిగింది. తిండికి లోటు లేదు. అన్నం ఉంది, కోడికూర ఉంది. కేరళ వాళ్ల దుకాణంలో చింతపండు కూడా దొరుకుతుంది. పచ్చిపులుసు చేసుకుంటే రుచి బాగానే వస్తుంది కానీ వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే తినాలి, రెండు ముద్దలకే చాలనిపిస్తుంది. శుక్రవారం ఇంటివాళ్లంతా మేడం వాళ్ల నాన్న ఇంటికి పోతారు. ఇల్లంతా ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు ఆ ఖాళీలోనే కూర్చుని రాస్తున్నాను.

ఇక అసలు మాటకు వస్తాను. అక్కా, నాకు నీ మీద కుళ్లు. నిజంగానే కుళ్లు. కోపం కాదు, అలక కాదు, వాటికైతే పేరు మార్చి చెప్పుకోవచ్చు. ఇది వట్టి ఓర్వలేనితనం. తోడబుట్టినదాని మీద ఇట్లా ఉండొచ్చా అని నన్ను నేను తిట్టుకున్నాను, తగ్గలేదు. అందుకే నీకే రాస్తున్నాను.

మా మేడం కొడుకు ఫహద్ గురించి నీకు చెప్పాను కదా. అఖిల ఈడువాడే, వాడూ బాస్కెట్‌బాలే ఆడతాడు. వాడి తిండి పని మొత్తం నాదే. వాడి కోచ్ మేడంకు చెప్తాడు, మేడం వచ్చీరాని హిందీలో నాకు చెప్తుంది. ఆట ముందు రోజు రాత్రి అన్నం గానీ రొట్టె గానీ కడుపు నిండా పెట్టాలట, వేపుళ్లూ కూల్ డ్రింకులూ దగ్గరికి రానివ్వకూడదట. ఆట ఉన్న రోజు మూడు గంటల ముందే అన్నం, నూనె తక్కువ వేసిన కోడికూర పెట్టాలి. మరీ కోర్టులోకి పోయే ముందు పెడితే కడుపు బరువై పరుగు రాదట. ఇంకో గంట ఉందనగా ఒక అరటిపండు. ఆడేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నాలుగు గుక్కలు నీళ్లు తాగాలి, ఒకేసారి గడగడా తాగకూడదు. ఆట అయిపోగానే పాలు, గుడ్లు. అప్పుడు తింటేనే అలిసిన కాళ్లు మర్నాటికి తేరుకుంటాయట.

ఇన్ని చేసి పెడితే ఆ పిల్లవాడు గుడ్డులో తెల్లది తిని పచ్చది పారేస్తాడు. అరటిపండు సగం కొరికి కారులో వదిలేస్తాడు. ఒకసారి తిండి సంచి మోసుకుని నేనూ వాడి ఆటకు పోయాను. ఇంత తిండి తిని వాడు ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. అక్కడ మెరిసే చెక్క నేల, చల్లటి గాలి. మన అఖిల ఏమో కోరుట్లలో సిమెంటు గచ్చు మీద, వల లేని రింగులోకి బాల్ వేసి నేర్చుకుంది. దాని బాపు చేతులే దానికి వచ్చాయి. మోకు కట్టుకుని తాటిచెట్టు ఎక్కుతుంటే ఆయన చేతులు ఎంత పొడుగ్గా కనిపించేవో నీకు తెలుసు. ఆయన చెట్టు మీది నుంచి పడి చనిపోకుంటే నేను ఇక్కడికి వచ్చేదాన్ని కాదు, ఇవాళ ఆ చేతులకు అన్నం నేనే పెడుతుండేదాన్ని. పారేసిన గుడ్డు సొనలు చూసినప్పుడల్లా కడుపు మండిపోయేది. ఫహద్ తల్లి మీద కుళ్లుకున్నాను మొదట. ఆమె కొడుకు ఆమె కళ్లముందే తింటున్నాడు కదా అని.

తర్వాత ఆ కుళ్లు నీ మీదికి మళ్లింది. ఇక్కడ నేర్చుకున్నదంతా ఫోన్‌లో నీకు చెప్పాలని ఎంత ఉబలాటపడ్డానో. తీరా చేసి అఖిలను, "పొద్దుగాల ఏం తిన్నవు బిడ్డ" అని అడిగితే అది ఏమందో గుర్తుందా?

"పెద్దమ్మ బొబ్బెర గుడాలు వెట్టింది, గుడ్డు వెట్టింది. గ్రౌండ్‌కు వొయ్యే ముందట అరటిపండు ఇచ్చింది. గుడాలు తింటే నాలుగు క్వార్టర్లు ఉరికినా ఆయాసం రాదమ్మా."

కువైట్ కోచ్ చెప్పిన సంగతులన్నీ కోరుట్లలో మా అక్క ముందే చేసి పెట్టింది. నీకెవరు చెప్పారని అడిగితే నువ్వు నవ్వావు. "గిండ్ల తెలుసుడేముంది చెల్లె. దున్నవొయ్యే ఎడ్లకు పొద్దుగాల్నే కుడితి వెడ్తం గని నాగలి గట్టినంక వెడ్తమా" అన్నావు. నేను కూడా నవ్వాను. ఫోన్ పెట్టేశాక గిన్నెలు తోముతూ రెండు గిన్నెలకు సొట్టలు పెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారే, నాకు ఆ దుత్త కూడా నాది కాదు, మేడం వాళ్లది. ఆమె అరిచింది, పడ్డాను.

నీ కంటే నేను ఎక్కువ పెట్టాలని ఫహద్ తాగే పొడి డబ్బా ఒకటి కొని కథలాపూర్ మనిషితో పంపాను. అది పాలలో కలుపుకుని తాగితే కండ పడుతుందని ఇక్కడ పిల్లలంతా అనుకుంటారు. దాన్ని తాగితే అఖిలకు కడుపు ఉబ్బరం చేసిందని నువ్వు మానిపించావు, మంచిపనే చేశావు. ఇప్పుడు బావ చాయలో కలుపుకుని తాగుతున్నాడట కదా. "బావకు కండ వడ్తున్నదా" అని అడిగితే అఖిల పడీపడీ నవ్వింది. నేను పంపింది బావ చాయలోకి పోయింది, నువ్వు ఉడకబెట్టిన బొబ్బెర్లు దాని కాళ్లలోకి పోయాయి. అది నవ్వుతున్నంతసేపూ నేను ఇదే లెక్క వేసుకుంటూ ఉన్నాను.

ఒకరోజు నేను ఫోన్ చేస్తే, "మళ్ల జేస్తనమ్మా, పెద్దమ్మ అన్నం కలుపుతున్నది, సల్లారుతది" అని పెట్టేసింది. వాళ్ల అన్నం చల్లారుతుందని నా ఫోన్ పెట్టేసింది. ఆ వారమంతా మీ ఫోన్ ఎత్తలేదు నేను. పనిలో ఉన్నానని అబద్ధం చెప్పాను. పనిలో లేను, ఫోన్ మోగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంత కుళ్లు లోపల పెట్టుకుని ఉన్నదాని ముందుకు సిరిసిల్లలో అఖిల ఆడిన ఆట వీడియో వచ్చింది. దాని బళ్లో ఆటల మేడం పంపింది. అఖిల బాల్ కొట్టుకుంటూ రింగు దాకా ఉరికింది, పైకి ఎగరబోయింది, మోకాళ్లు మడతపడి కింద కూర్చుండిపోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. కింద ఆ ఆటల మేడం మాట కూడా ఉంది, పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదట అని. నా చేతిలో ఫహద్ కోసం ఉడికించిన గుడ్లు ఉన్నాయి. అప్పుడు నేను ఫోన్‌లో నీతో అన్న మాటలు మళ్లీ రాయను. "కన్నతల్లివైతే గిట్ల పస్తు వెట్టి తోల్దువా" అన్న ఒక్క మాట మాత్రం రాస్తాను, ఎందుకంటే అది నోట్లోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది, బయటికి రావడానికి సందు కోసం చూస్తూ ఉండింది. నువ్వు, "ఊకో చెల్లె, పిల్ల లేచింది, మంచిగున్నది" అన్నావు. దగ్గావు. ఫోన్ పెట్టేశావు.

మర్నాడు అఖిల చేసింది. నువ్వు బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయిన వేళ చూసి చేసింది.

"పెద్దమ్మను ఏమనకమ్మా. పెద్దమ్మకు తెల్వది. ఆమె డబ్బాల పెట్టిచ్చిన అన్నం నేనే దోస్తులకు పంచిన. శనివారం ఒక్కపొద్దున్న."

ఒక్కపొద్దు అంటే పొద్దు గూకి దీపం పెట్టేదాకా చాయ నీళ్లు తప్ప ఏమీ ముట్టదు కదా మన ఇళ్లలో. ఆట ఆడే పిల్ల, ఎండలో, ఖాళీ కడుపుతో.

"ఎవల పేరు మీద బిడ్డ" అన్నాను.

"పెద్దమ్మ పేరు మీద. దగ్గు తగ్గుతలేదు. జగిత్యాల దవాఖానకు గూడ వోయినం, నీకు జెప్పద్దన్నది. కొండగట్టు అంజన్నకు ముడుపు గట్టిన, తగ్గేదాక శనివారం శనివారం ఉంటనని."

అక్కా, ఇక్కడ నేను మంచిదానిలా రాయొచ్చు. అయ్యో మా అక్కకు ఇంత దగ్గా అని నా గుండె పగిలిందని రాయొచ్చు. అది తర్వాత జరిగింది. ముందు జరిగింది ఏమిటంటే, నా బిడ్డ నీ కోసం పస్తు ఉన్నదని నా కళ్లలో నిప్పులు పోసుకున్నట్టయింది. ఆగలేక అడిగేశాను కూడా.

"నా పేరు మీద ఎన్నడన్న ఉన్నవా బిడ్డ, ఒక్కపొద్దు?"

అబద్ధం చెప్పడం దానికి చేతకాదు.

"నువ్వు మంచిగనే ఉన్నవు గదమ్మా. ఎప్పుడడిగినా మంచిగున్న అంటవు."

దానిది తప్పు లేదు. ఇన్నేళ్లుగా నేను మీ అందరికీ ఒక్కటే మాట చెప్తున్నాను. మోకాలు వాచి మెట్లు పాకుతూ ఎక్కిన రోజున కూడా బాగున్నాననే చెప్పాను. రెండు రంజాన్లు దాటినా సెలవు ఇవ్వనప్పుడు కూడా బాగున్నానన్నాను. బాగున్నదానికి ఎవరు మొక్కుతారు? నీ దగ్గు దాని పక్కలో వినిపిస్తుంది, నా మోకాలు దానికి కనిపించదు. ఇదంతా నీకు తెలియాలని రాశాను, అఖిలకు చెప్పకు. చెప్తే నా పేరున సోమవారం కూడా మొదలుపెడుతుంది, ఇక వారంలో తినే రోజులు వెతుక్కోవాలి.

ఇప్పుడు భయం జగిత్యాల సెలెక్షన్ గురించి. రేపు కాదు, ఆ పై శనివారం పొద్దున. అందులో గెలిస్తే జిల్లా జట్టులో ఆడుతుంది, ఆటల హాస్టల్‌లో సీటుకు దారి దొరుకుతుంది. చదువూ తిండీ ఆటా అన్నీ అక్కడే. అది పోతే మళ్లీ ఏడాది ఆగాలి, ఏడాది తర్వాత అది ఆ ఈడు పిల్లల్లో ఉండదు. ఆ పొద్దున కూడా అది ఖాళీ కడుపుతోనే కోర్టులోకి దిగుతానంటోంది. బావ చెప్పి చూశాడు, ఆటల మేడం చెప్పి చూసింది. నువ్వు పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి చేసి గుసగుసగా, "నువ్వు జెప్పు చెల్లె, నేను కాళ్లు మొక్కినా ఇంటలేదు, నీ మాట ఇంటది" అన్నావు. నీకు నా మీద అంత నమ్మకం ఉందని విని నాకు ఒక పూట గర్వంగా ఉంది. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు.

"మొక్కు నడుమిట్ల ఇడిస్తే పెద్దమ్మకేమన్నయితే ఎవలు జిమ్మేదారి? నీకేం ఎర్కమ్మా, నువ్వు ఈడ లేవు" అన్నది నాతో.

ఇక్కడ రంజాన్ నెలలో ఫహద్ వాళ్లకు ఆట పొద్దు గూకాక, ఉపవాసం విడిచి తిన్నాక పెడతారు. కోచ్‌లే వేళలు మార్చేస్తారు. జగిత్యాలలో మన పిల్ల ఒక్కపొద్దు ఉందని సెలెక్షన్ రాత్రికి మారుస్తారా? మార్చరు. నేను ఎన్ని దారులు ఆలోచించినా ఏదీ తెగలేదు. చివరికి మనల్ని కన్న అవ్వ గుర్తొచ్చింది.

నీకు పెద్దోడు కడుపున పడ్డప్పుడు నువ్వు సోమవారం ఒక్కపొద్దులు ఉండేదానివి, బావకు టైఫాయిడ్ తగ్గాలని. కడుపుతో ఉన్నదానివి తినకుంటే ఎట్లా అని అవ్వ ఎంత బతిమాలినా వినలేదు. అప్పుడు అవ్వ ఏం చేసింది? నీ ముడుపు విప్పి, తన చేతి రూపాయి బిళ్ల వేసి, తన పేరు చెప్పి బావ చేత మళ్లీ కట్టించింది. "గీ పొద్దు నా పొద్దు" అని దేవుని ముందర అన్నది. ఆనాటి నుంచి సోమవారాలు అవ్వవి, నువ్వు తిన్నావు. బావకూ తగ్గింది, పెద్దోడూ పుట్టాడు. బిడ్డ మొక్కు తల్లి ఎత్తుకోవచ్చు. అది మన ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్నదే.

అఖిల పొద్దు నేను ఎత్తుకున్నాను అక్కా.

పోయిన శనివారమే మొదలుపెట్టాను. పొద్దున్నే తలస్నానం చేసి వంటింటి కిటికీ దగ్గర నిలబడి అంజన్నకు చెప్పుకున్నాను. దీపం పెట్టుకునే వీలు ఇక్కడ లేదు, ఆయనకు తెలుసు. ఆ రోజే ఫహద్‌కు ఆట ఉంది. అన్నం వండాను, కోడి ఉడికించాను, గుడ్లు ఒలిచాను. ఉప్పు కూడా రుచి చూడలేదు. మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. నేను ఆకలికి ఒక గంట ఆగలేనని నువ్వు చిన్నప్పటి నుంచి వెక్కిరించేదానివి కదా, మాట నిజమే. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటే మేడం చూసింది. "రోజా?" అని అడిగింది, ఉపవాసమా అని. అవునన్నాను. ఎవరి కోసం అని అడగలేదు. సాయంత్రం పొద్దు గూకగానే తనే ఒక పళ్లెంలో ఖర్జూరాలు, ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఇక్కడికి వచ్చాక ఆమె నాకు పెట్టిన మొదటి పళ్లెం అది. తింటుంటే ఏడుపు వచ్చింది, ఆకలికి అనుకుని ఇంకో నాలుగు ఖర్జూరాలు వేసింది.

ఆ రోజు నేను ఏమని మొక్కానో కూడా చెప్తాను విను. మా అక్క దగ్గు తగ్గించు, అది నాకంటే మంచిది కాబట్టి కాదు, అది లేకుంటే నా బిడ్డకు అన్నం పెట్టే చెయ్యి లేదు కాబట్టి అన్నాను. ఇంకా, దాని దగ్గు తగ్గితే నా బిడ్డ కాస్త నా వైపు చూస్తుందేమో అని కూడా అన్నాను. మొక్కులోనూ కుళ్లు వదలలేదు నేను. అంజన్న ఎట్లాంటి మనుషులనైనా చూసి ఉంటాడులే.

లింగన్న నీకు ఒక పసుపు గుడ్డ మూట ఇస్తాడు. అందులో రూపాయి బిళ్ల ఉంది. ఇక్కడి బిళ్ల అంజన్నకు తెలియదేమో అని మన రూపాయే పెట్టాను, వచ్చేటప్పుడు పర్సు మూలన మిగిలింది. దేవుని గూట్లో అఖిల కట్టిన ముడుపు ఉంటుంది. అఖిలను ముందర కూర్చోబెట్టుకుని ఆ ముడుపు దాని చేతనే విప్పించు. నా బిళ్ల లోపల పెట్టి, నా పేరు చెప్పి నువ్వు కట్టు. ఎవరి కోసం మొక్కారో వాళ్ల చేతితోనే కట్టాలి, అవ్వ నీ దాన్ని బావ చేతనే కట్టించింది కదా. ఫోన్‌లో నేను చెప్తే తినిపించడానికి ఆడే ఆట అనుకుంటుంది. కళ్లముందు కడితే కాదనలేదు. ఇంకా మొండికేస్తే, ఒక్క పొద్దును ఇద్దరు మోస్తే ఇద్దరిదీ చెల్లదని, నువ్వూ పస్తుంటే మీ అమ్మ పస్తు అక్కరకు రాకుండా పోతుందని చెప్పు. ఆ మాట అవ్వ చెప్పిందో నేనిప్పుడే అల్లానో నాకే తెలియదు. పాపమైతే నా ఖాతాలో వేసుకుంటాను.

ఆ శనివారం పొద్దున తెల్లవారకముందే లేపి గుడాలు పెట్టు. అన్నంలో పెరుగు కలిపి పెట్టు, ఎల్లిపాయ కారం వద్దు, ఆ రోజు కడుపులో మంట వస్తుంది. జగిత్యాల బస్సులో అరటిపండు సంచిలో ఉండాలి. బస్టాండులో మిర్చి బజ్జీలు అడుగుతుంది, వద్దను, ఆట అయ్యాక ఎన్నైనా కొనిస్తానని చెప్పు. నిమ్మకాయ నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర వేసి సీసాలో పొయ్యి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినా రాస్తున్నాను, ఊరుకోలేక.

నీ సంగతి కూడా విను. జగిత్యాల డాక్టర్ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించుకోమంటే మళ్లీ వద్దామని వచ్చేశావట, అఖిల చెప్పింది. సెలెక్షన్‌కు పోయిన రోజే అది ఆడుతుండగా నువ్వు దవాఖానకు పోయి ఆ ఫోటో తీయించుకో. తంబాకు చాట ఇంట్లో, పిల్ల పడుకునే చోట పెట్టుకోకు. వాకిట్లో గాలి తగిలేచోట కూర్చుని, ముక్కుకు కొంగు కట్టుకుని బీడీలు చెయ్యి. మానేయమని నేను చెప్పలేను, చెప్పినా నువ్వు మానవని తెలుసు. మందులు మాత్రం మధ్యలో ఆపకు.

బావకు దండాలు చెప్పు. ఆ పొడి డబ్బా అయిపోతే ఇంకోటి పంపుతానని చెప్పు, కండ పడితే ఫోటో పంపమను. మన ఊళ్లో చిన్నమ్మకు, కథలాపూర్‌లో మా అత్తమ్మకు నేను అడిగానని చెప్పు. లింగన్న తిరిగి వచ్చేటప్పుడు కాసిన్ని బొబ్బెర్లు పంపు, ఇక్కడి వాటికి ఆ రుచి లేదు. అఖిల బాల్ పట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి పంపు. అందులో నువ్వు పక్కన ఉన్నా ఫర్వాలేదు.

నీ ఆశీర్వాదం నాకూ నా బిడ్డకూ ఉండాలి. నీ దగ్గు పూర్తిగా పోయిందని డాక్టర్ నోటితో చెప్పేదాకా నేను ఒక్క శనివారం కూడా విడవను. నాకు ఆకలి ఆగదని నీకు తెలుసు కదా అక్కా, తొందరగా బాగుపడు.

నీ చెల్లె,
పద్మ